షాట్ గ్లాసులో రాగి సంగటి

మొన్న తిరుపతిలో ఓ స్టార్ హోటల్లో ‘నగరాలు - స్థానిక ఆహార ఆర్థిక వ్యవస్థ’ అని సదస్సు పెడితే, నేనూ మెడలో ట్యాగు తగిలించుకుని వెళ్లాను. గుమ్మంలోనే కివీ ముక్కలు చేతిలో పెట్టారు. ఇది ఏ మండలంలో పండుతుందని అడుగుదామనుకున్నాను గానీ, ఏర్పేడు అనేస్తారేమోనని భయపడి ఊరుకున్నాను.

అసలు వైభవం మధ్యాహ్నం చూడాలి. ‘హెరిటేజ్ మిల్లెట్ కౌంటర్’ బోర్డు కింద, మందు పోసే బుల్లి గ్లాసుల్లో గోలీకాయంత రాగి సంగటి. నెత్తిన ఒకే ఒక కొత్తిమీర ఆకు. పక్కన ఊరుబిండి పచ్చడి, అదీ బ్రష్షుతో గీసింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి సంగటి సైజు తగ్గుతూ, రేటు పెరుగుతూ వస్తోంది. “ఫింగర్ మిల్లెట్ బైట్, సార్” అన్నాడు టై కట్టుకున్న కుర్రాడు. ఏ ఊరు నాయనా అంటే పీలేరన్నాడు. పాపం, సంగటి అంటే వాడి ఉద్యోగం పోతుంది. రెండో గ్లాసుకు చెయ్యి చాపితే “మనిషికి ఒకటే సార్” అన్నాడు. మా తాతకు ఈ గ్లాసిచ్చి ఉంటే ఉప్పు చూడమన్నారనుకుని, “సరిపోయింది, ఇంక వడ్డించండి” అనేవాడు. నా వెనకాల పెద్దాయన స్పూను పట్టడంలేదని వేలు పెట్టాడు. వేలు ఇరుక్కుంది. ఇద్దరు వెయిటర్లూ ఒక ఆర్గనైజరూ కలిసి లాగారు. ఫింగర్ మిల్లెట్ అని ఎందుకంటారో నాకు అప్పుడర్థమైంది.

తాగడానికి మామిడి జ్యూస్ బాటిళ్లు. 2025లో మన తోతాపురికి కిలో 12 రూపాయలన్నారు: ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ ధర కోసం ట్రాక్టర్లలో కాయలు మాగిపోతుంటే రైతులు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు రోజుల తరబడి పడుకున్నారు. దీన్ని వాల్యూ చైన్ అంటారట.

సాయంత్రం బయటికొస్తే, చంద్రగిరి నుంచి తొలి బస్సుకు ఆకుకూరలు, చిక్కుడుకాయలు తెచ్చి ఆ గోడ పక్కన అమ్ముకునే అక్క ఏడుస్తోంది. అతిథుల కార్లకు అడ్డమని గంప, తక్కెడ లారీలో వేసుకుపోయారట. ఎవరో నేను చెప్పను. “పొద్దున కోసిన పొన్నగంటాకు సామీ. అది పోతే పోనీ, తక్కెడన్నా ఇప్పించు.”

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. జప్తు చేస్తే సంతకంతో జాబితా చేతికివ్వాలి. పాడైపోయే సరుకు అడిగిన రోజే వెనక్కివ్వాలి, మిగతావి అడిగిన రెండు పనిదినాల్లో. ఎవడిచ్చాడు? దళారీ లేకుండా, కోల్డ్ స్టోరేజీ లేకుండా, కోసిన పూటే కూర మన వంటింటికి చేరుస్తున్న మనిషి ఆమె. లోపల మూడు గంటలు స్లైడ్లలో మీరు వెతికింది ఈమెనే కదయ్యా! గోడకవతలే కూర్చుంటే గెంటించారే, సిగ్గు లేదూ? ఆమె అడిగేదేమిటి, నాలుగడుగుల నేల, కాస్త నీడ. 1999లో రైతు బజార్లు పెట్టినప్పుడు ఆ మాత్రం ఇంగితం ఉండింది.

సోమవారం తక్కెడ కోసం ఆమెతో ఆఫీసుకు వెళ్లాను. జాబితా కాగితం చూపించమన్నారు. ఇవ్వలేదన్నాం. “అయితే మేం తీసుకోనట్టే” అన్నాడాయన. టేబుల్ మీద సదస్సులో పంచిన జనపనార సంచి ఉంది. దాని మీద పచ్చరంగులో ‘మన ఊరి పంట, మన ఇంటి వంట’ అని రాసుంది.