దీర్ఘశాంతానికి అరగంట

యౌవనస్థులకు మంచి నడవడి ఎలా నేర్పాలన్న చిక్కుముడిని మా చర్చి సంఘం యూత్ కమిటీ కిందటేడే విప్పేసింది. పరీక్ష పెడితే సరి! సిలబస్ కోసం తిప్పలు పడే పని కూడా లేదు. బైబిల్లోని గలతీ పత్రిక (గలతీయులకు రాసిన లేఖ) 5వ అధ్యాయంలో అపొస్తలుడు పౌలు గారు ఆత్మఫలం, అంటే పరిశుద్ధాత్మ మనిషిలో పండించే గుణాల కింద ప్రేమ మొదలు ఆశానిగ్రహం దాకా తొమ్మిది చెప్పి ఉంచారు. (ఆయన ఫలము అని ఏకవచనంలోనే రాశారు. కానీ అన్నీ ఒకటే అంటే మార్కులు ఎలా వేస్తాం?)

దీర్ఘశాంతానికి, అంటే ఓర్పుకు, అరగంట. గంట కొట్టాక ఒక్క నిమిషం కూడా ఆగం, పేపరు లాక్కోవడమే. సాత్వికంలో ఫస్ట్ ప్రైజు తనకే రావాలని ఇద్దరు కుర్రాళ్ళు స్టేజీ మీదే తోసుకున్నారు కాబట్టి ఈసారి రెండు షీల్డులు చేయిస్తున్నాం. ఆశానిగ్రహానికి ప్రాక్టికల్ ఉంటుంది: భోజనాలు వడ్డించాకే ప్రార్థన మొదలవుతుంది. ప్రార్థన చేసేవారికి మినహాయింపు.

దయాళుత్వం పేపరు రోజున ఒకమ్మాయి రాలేదు. పక్కింటావిడను ఆసుపత్రికి తీసుకెళ్ళిందట. ఆబ్సెంట్ వేశాం. రూలు రూలే కదా.

ఇంత పకడ్బందీగా నడుస్తుంటే, చదువుకున్నవాళ్ళు కొందరు పాత పరిశోధనలు తవ్వి తెస్తున్నారు. 1920లలో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు వేలమంది పిల్లలకు కాపీ కొట్టే వీలు, అబద్ధమాడే వీలు కల్పించి చూశారట. సండే స్కూలుకు వెళ్ళేవాళ్ళు అంతమాత్రాన పెద్ద నిజాయితీపరులుగా ఏమీ తేలలేదట. మాకా బెంగ లేదు. నిజాయితీ పేపరుకు నలుగురు ఇన్విజిలేటర్లను పెట్టాం.

ఇంకోటి మాత్రం కాస్త ఇబ్బంది పెట్టింది. 1973లో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ వేదాంత విద్యార్థులు 40 మందిని ప్రసంగం చేయమని పక్క భవనానికి పంపారు. సగం మందికి ఇచ్చిన అంశం సాక్షాత్తూ మంచి సమరయుడి ఉపమానమే: దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి మిగతావాళ్ళు దాటిపోతే, ఆగి ఆదుకున్న పరాయివాడి గురించి యేసు చెప్పిన కథ. దారిలో ఒకడు కూలబడి మూలుగుతూ ఉన్నాడు. తీరిగ్గా వెళ్ళేవాళ్ళలో 63 శాతం ఆగి సాయం చేయబోయారు. "ఇప్పటికే లేటయింది, పరుగెత్తు" అని తరిమినవాళ్ళలో 10 శాతమే. చెప్పబోయే అంశం ఏదన్నది పెద్దగా తేడా తేలేదు. సమరయుడి గురించి చెప్పాలన్న తొందరలో ఆ పడి ఉన్నవాణ్ణి దాటుకుని మరీ వెళ్ళినవాళ్ళున్నారు.

ఇదంతా కమిటీలో చదివి వినిపించాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "ఇంతకీ ఆగినవాళ్ళు టైముకు వచ్చారా, లేదా?" అన్నారు. ఆ ఆగినవాళ్ళకు హాజరు వేయాలా వద్దా అన్న చర్చ గంటన్నర సాగింది.

తీర్మానం ఏకగ్రీవం. పరీక్షకు వచ్చే దారిలో ఎవరైనా పడి ఉంటే, అభ్యర్థులు ముందు పరీక్ష రాసి, తర్వాత వెళ్ళి చూడవచ్చు. పడినవాడు అప్పటిదాకా అక్కడే ఉంటే, దీర్ఘశాంతంలో నూటికి నూరు అతనికే.