ట్రయల్ బ్యాలెన్స్ కలిసింది, మరి లెక్క సరైనదేనా?

బుక్‌కీపింగ్ పరీక్షకు చదువుతున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. లెక్కలన్నీ సాఫ్ట్‌వేరే చేసేస్తోంది కదా, ఇంకా ఈ డెబిట్లూ క్రెడిట్లూ కూర్చుని చేత్తో రాయడం ఎందుకు అని. ప్రశ్న సబబైనదే. దానికి మామూలుగా వచ్చే జవాబు, ‘పునాది గట్టిగా ఉండాలి’ అనేది, నాకెప్పుడూ తృప్తి ఇవ్వలేదు. అసలు జవాబు వేరే ఉంది, అది అర్థమైతే చదివే పద్ధతే మారిపోతుందని నా నమ్మకం.

సాఫ్ట్‌వేర్ ఏం చేసిందో ఒకసారి చూడండి. డెబిట్, క్రెడిట్ సమానం కాకపోతే అది పద్దునే తీసుకోదు. కూడికలో తప్పు చేయదు. చిట్టాలోంచి (రోజువారీ పద్దుల పుస్తకం) ఆవర్జాకు (ఖాతాల పుస్తకం) ఎత్తి రాసేటప్పుడు 540ని 450 అని వేయదు. అంటే ట్రయల్ బ్యాలెన్స్, అదే ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ నిల్వలను రెండు వైపులా వేసి మొత్తాలు కలిశాయో లేదో చూసే పట్టిక, పట్టివ్వగలిగిన తప్పులు దాదాపుగా పోయాయి. మరి మిగిలినవి ఏవి? ట్రయల్ బ్యాలెన్స్ పట్టివ్వలేనివి. వాటిని పట్టుకోవడానికే ఇప్పుడు మనిషి కావాలి, ఆ మనిషికి అది చేతనవునో కాదో తేల్చడానికే పరీక్ష ఉంది. మన ప్రిపరేషన్ మాత్రం ఇంకా రెండు వైపులా మొత్తాలు కలిశాయా లేదా అన్న దగ్గరే ఆగిపోతోంది. కలిస్తే సంతోషం, పుస్తకం మూసేస్తాం. కలవకపోతే టెన్షన్. కలిసినా తప్పే అయ్యుండొచ్చన్న అనుమానం మనకు ఎవరూ నేర్పలేదు.

ట్రయల్ బ్యాలెన్స్‌కు కనబడని తప్పులు ఆరు రకాలని పాఠ్యపుస్తకాలన్నీ చెప్తాయి. ఒక లావాదేవీని అసలు రాయకపోవడం. ఒకరి ఖాతాలో వేయాల్సింది అదే రకం ఇంకొకరి ఖాతాలో వేయడం. ఖర్చును ఆస్తిగానో ఆస్తిని ఖర్చుగానో చూపడం. మొదట్లోనే అంకె తప్పు రాసి రెండు వైపులా అదే తప్పు అంకె వేయడం. డెబిట్‌ను క్రెడిట్‌గా, క్రెడిట్‌ను డెబిట్‌గా తిప్పేయడం. రెండు వేర్వేరు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకోవడం. విద్యార్థులు ఈ ఆరింటినీ పేర్లతో సహా బట్టీ కొడతారు, రెండు మార్కుల ప్రశ్నకు రాసేస్తారు, అంతటితో సరి. నన్నడిగితే ఈ ఆరే సిలబస్‌కు నడిబొడ్డు. మిగతా అధ్యాయాలన్నీ వీటి చుట్టూ తిరిగేవే.

ఒక ఉదాహరణ చూద్దాం. యంత్రం రిపేరుకు 6,000 ఖర్చయింది. గుమాస్తా దాన్ని రిపేర్ల ఖాతాలో కాకుండా యంత్రాల ఖాతాలో వేశాడు. ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది, ఎందుకంటే రెండూ డెబిట్లే. లాభం ఎంత ఎక్కువ చూపిస్తున్నాం అని అడిగితే చాలామంది వెంటనే 6,000 అనేస్తారు. ఆగండి. యంత్రాల విలువ 6,000 పెరిగింది కాబట్టి దాని మీద ఏడాదికి 10 శాతం చొప్పున తరుగుదల (వాడకంతో ఆస్తి విలువ తగ్గడాన్ని ఖర్చుగా రాయడం) కూడా వేసేశారు, అంటే 600 అదనపు ఖర్చు ఇప్పటికే లెక్కలో ఉంది. కాబట్టి లాభం ఎక్కువగా చూపినది 5,400. ఆస్తి విలువ కూడా అంతే ఎక్కువ. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు ఇలాంటి గొలుసు తప్పు అంటే ఎంతో ఇష్టం, ఎందుకంటే ఒక్క ప్రశ్నతో తప్పుల దిద్దుబాటు, తరుగుదల, లాభనష్టాల ఖాతా మూడూ పరీక్షించేయొచ్చు. మనం మాత్రం ఆ మూడింటినీ మూడు వేర్వేరు అధ్యాయాలుగా, మూడు వేర్వేరు వారాల్లో చదివి, ఒకదానికి ఒకటి సంబంధం లేనట్టు పక్కన పెట్టేస్తాం.

సరుకు నిల్వల సంగతీ ఇంతే. ముగింపు సరుకును 2,000 ఎక్కువగా లెక్కేస్తే ఈ ఏడాది లాభం 2,000 పెరుగుతుంది. అదే సరుకు వచ్చే ఏడాదికి ప్రారంభ సరుకు అవుతుంది కాబట్టి అప్పుడు లాభం సరిగ్గా 2,000 తగ్గుతుంది. రెండేళ్లూ కలిపి చూస్తే ఏ తప్పూ జరగనట్టే ఉంటుంది! కానీ మొదటి ఏడాది లెక్క చూసి అప్పిచ్చినవాడు, వాటా పంచుకున్న భాగస్వామి, పన్ను కట్టినవాడు, వీళ్లంతా తప్పు అంకెను నమ్మి నిర్ణయాలు తీసుకున్నారు. బుక్‌కీపింగ్ ఎందుకు నేర్చుకోవాలో నాకు నిజంగా బోధపడింది ఈ లెక్క దగ్గరే.

పరీక్షలు పెట్టే సంస్థలకు ఈ విషయం తెలుసు. అమెరికాలో ఏఐపీబీ అనే బుక్‌కీపర్ల సంస్థ ఇచ్చే సర్టిఫైడ్ బుక్‌కీపర్ అర్హతనే తీసుకోండి. అందులో అడిగే విషయాలు ఏడాది చివరి సర్దుబాటు పద్దులు, తప్పుల దిద్దుబాటు, జీతాల లెక్కలు, తరుగుదల, సరుకు నిల్వలు, అంతర్గత నియంత్రణలు, మోసాల నివారణ. మామూలు పద్దు రాయడం అనేది అందులో విడిగా ఒక విషయమే కాదు, అది వచ్చేసి ఉండాలని ముందే అనుకుంటారు. పైగా పరీక్ష పాసైతే చాలదు, రెండేళ్ల పని అనుభవం కూడా చూపాలి. తలకు మించిన షరతులా అనిపించొచ్చు కానీ ఆ జాబితా మళ్లీ చదవండి: ప్రతి ఒక్కటీ యంత్రం చేయలేని, మనిషి ఆలోచించి తేల్చాల్సిన చోటే ఉంది.

ఇక చదివే పద్ధతి. మనలో చాలామందికి మొదట నేర్పేవి మూడు సూత్రాలు. పుచ్చుకునేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్. ఖర్చులూ నష్టాలూ డెబిట్, ఆదాయాలూ లాభాలూ క్రెడిట్. వీటితో మొదటి నెల హాయిగా గడిచిపోతుంది, వీటిని నేను తీసిపారేయను. ఇబ్బంది సర్దుబాట్ల దగ్గర మొదలవుతుంది. అక్టోబర్ 1న 12 నెలల బీమాకు 12,000 కట్టి మొత్తం ఖర్చుగానే రాశాం, లెక్కలు డిసెంబర్ 31న ముగుస్తాయి. ఈ ఏడాదికి ఖర్చు 3,000 మాత్రమే, మిగతా 9,000 ముందుగా చెల్లించిన ఖర్చు, అంటే ఆస్తి. డిసెంబర్ 31న ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఏదీ రాలేదు, ఏదీ పోలేదు. పుచ్చుకునేవారు ఎవరని వెతుక్కుంటూ విద్యార్థి అక్కడే చిక్కుకుపోతాడు. అదే ఆస్తులు ఒకవైపు, అప్పులూ మూలధనమూ ఇంకోవైపు అన్న ఒక్క సమీకరణం మనసులో ఉంటే చాలు: ఆస్తి 9,000 పెరగాలి కాబట్టి డెబిట్, ఖర్చు 9,000 తగ్గాలి, అంటే మూలధనం వైపు అంత పెరగాలి, కాబట్టి క్రెడిట్. సూత్రాలు గుర్తు చేసుకోవాల్సిన పనే లేదు.

బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర కూడా ఇదే తికమక. మన పుస్తకంలో బ్యాంకు నిల్వ డెబిట్, స్టేట్‌మెంట్‌లో అదే డబ్బు క్రెడిట్. కారణం చాలా సులువు, ఆ స్టేట్‌మెంట్ బ్యాంకు పుస్తకానికి నకలు, మన డబ్బు బ్యాంకుకు అప్పు. ఈ ఒక్క వాక్యం ఒంటబడితే సమన్వయ పట్టికలో (మన నిల్వకూ బ్యాంకు చూపే నిల్వకూ తేడా ఎందుకో చూపే పట్టిక) ఏది కలపాలో, ఏది తీసేయాలో బట్టీ పట్టే బాధ తప్పుతుంది. మన పుస్తకం ప్రకారం 8,000 ఉంది. మనం ఇచ్చిన 1,500 చెక్కు ఇంకా బ్యాంకుకు చేరలేదు. బ్యాంకు 200 చార్జీలు కోసుకుంది, మనం రాయలేదు. చార్జీలు మన పుస్తకంలో రాయాల్సిందే, కాబట్టి మన నిల్వ 7,800. చెక్కు సంగతి మనం ముందే రాశాం, బ్యాంకుకే తెలియలేదు, కాబట్టి స్టేట్‌మెంట్‌లో 9,300 కనబడుతుంది. ఏ తేడాకు మనం పద్దు రాయాలి, ఏ తేడా కాలంతో తనంతట తానే తీరిపోతుంది అన్నది విడదీయడమే ఇక్కడ అసలు నైపుణ్యం. పట్టిక గీయడం ఎవరైనా గీస్తారు.

వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు ఒక మాట. చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఎందుకంటే లెక్క చేస్తున్నది చెప్పేవాడు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి, పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే చూడకుండా రాసినవాళ్లు ముందున్నారు. పరీక్ష మనకు ఐదు నిమిషాల్లో ఉండదు కదా. కాబట్టి సాల్వ్ చేసిన లెక్కను చదవడం మానేసి, జవాబు కప్పేసి చేయండి, రాకపోయినా సరే, కాసేపు కుస్తీ పట్టాకే జవాబు చూడండి.

ఇంకో సాధన ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు గానీ నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. పూర్తిగా చేసి, కలిసిన లెక్క ఒకటి తీసుకోండి. మీతో పాటు చదువుతున్నవాళ్లకిచ్చి, మొత్తాలు కలిసే ఉండేలా అందులో ఒక తప్పు పెట్టమనండి. ఖర్చును ఆస్తిలో వేయొచ్చు, ఒక బిల్లు వదిలేయొచ్చు, ఒకరి బాకీ ఇంకొకరి పేరున రాయొచ్చు, వాళ్ల ఇష్టం. మీరు అసలు బిల్లులతో పోల్చి దాన్ని కనిపెట్టాలి, దిద్దుబాటు పద్దు రాయాలి, లాభం మీద దాని ప్రభావం ఎంతో చెప్పాలి. తర్వాత వాళ్ల లెక్కలో మీరు తప్పు పెట్టండి. పెట్టడంలో కూడా బోలెడు నేర్చుకుంటాం: తెలియకుండా ఉండాలంటే తప్పు ఎక్కడ దాచాలి అని ఆలోచించినవాడికే మోసం ఎక్కడ దాక్కుంటుందో తెలుస్తుంది. డబ్బు తీసుకునేవాడే రసీదు రాసి, పుస్తకంలో పద్దు వేసి, బ్యాంకు స్టేట్‌మెంట్ సరిచూసే పని కూడా చేయకూడదని అంతర్గత నియంత్రణల పాఠంలో ఉంటుంది. ఊరికే చదివితే అది ఒక నియమం, అంతే. తప్పులు దాచే ఆట ఆడినవాళ్లకు అదెందుకో ఎవరూ వివరించక్కర్లేదు.

చేసిన తప్పులకు ఒక నోటుబుక్ పెట్టుకోండి. జవాబు తప్పయింది అని కాదు, ఎందుకు తప్పయిందో రాయాలి. ‘తరుగుదల ఏడాదంతా వేశాను, ఆస్తి కొన్నది మధ్యలో’ అని ఇలా. ఒక నెలయ్యాక చూస్తే మీ తప్పులు ముప్పై రకాలు కావు, నాలుగైదే అని తెలుస్తుంది.

జంటపద్దు విధానాన్ని లూకా పాచియోలీ 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు. అతను కనిపెట్టింది కాదు, అప్పటికే అక్కడి వర్తకులు వాడుతున్నదాన్ని రాసిపెట్టాడు. ఇన్ని వందల ఏళ్లలో పుస్తకం పోయి తెర వచ్చింది గానీ ప్రతి పద్దుకూ రెండు వైపులన్న మాట అలాగే ఉంది, ఆ రెండు వైపులూ కలిసినంత మాత్రాన నిజం చెప్పినట్టు కాదన్న చిక్కూ అలాగే ఉంది.

పరీక్ష హాల్లో మాత్రం పాత రకం తప్పులు మళ్లీ వస్తాయి, ఎందుకంటే అక్కడ ఎత్తి రాసేది మన చెయ్యి. మొత్తాలు కలవకపోతే మొదటి నుంచీ కూడుకుంటూ వెళ్లకండి, ముందు తేడా ఎంతో చూడండి. ఆ అంకె ఉన్న పద్దు ఏదైనా వదిలేశారేమో వెతకండి. లేదంటే తేడాలో సగం చూడండి: 350 డెబిట్‌కు బదులు క్రెడిట్‌లో వేస్తే తేడా 700 వస్తుంది. అదీ కాకపోతే తొమ్మిదితో భాగించండి. నిశ్శేషంగా భాగం పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు, 540కి 450 రాస్తే తేడా 90. లేదా సున్నా ఎగిరిపోయి ఉండొచ్చు, 1,200కి 120 రాస్తే తేడా 1,080. ఈ మూడూ చూడటానికి ఐదు నిమిషాలు చాలు, అంతకుమించి ఇవ్వకండి.

అప్పటికీ దొరకలేదా, ఆ తేడాను తీసుకెళ్లి ఇతర ఖర్చుల్లోనో ఇంకెక్కడో కలిపేసి కలిసినట్టు చూపించాలన్న ఆశ పుడుతుంది. వద్దు. పేపరు దిద్దేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది, అంతవరకు సరిగ్గా ఉన్న ఒక అంకె కూడా దానితో పాడైపోతుంది. రాతపరీక్షల్లో సాధారణంగా దశలవారీగా మార్కులు వేస్తారు, కలవని జవాబుకూ చాలా మార్కులు వస్తాయి. తేడాను ఉన్నదున్నట్టు అనామతు ఖాతా (కారణం దొరికేదాకా తేడాను ఉంచే తాత్కాలిక ఖాతా) అని రాసి, చుట్టూ ఒక గీత గీసి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోండి.