మెస్ ఫీజు కట్టించుకుని పస్తు పెట్టొద్దు

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఒకటే హడావుడి. దుప్పట్లు, టేబుల్ ల్యాంపు, చిన్న ఫ్రిజ్ కారులో సర్దుకుని పిల్లల్ని కాలేజీ డార్మ్‌లో, అంటే హాస్టల్లో దించి, కళ్లు తుడుచుకుంటూ తిరిగొస్తారు. ఆ పిల్లల్లో, గోధుమలాంటివి తింటే పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లూ కొందరుంటారు. వాళ్ల అమ్మానాన్నల టెన్షన్ చదువు గురించి కాదు. ఆ రాత్రి డైనింగ్ హాల్లో పిల్ల ఏం తింటుందన్నదే వాళ్ల బెంగ.

అమెరికాలో చాలా కాలేజీల్లో క్యాంపస్‌లో ఉండే విద్యార్థులు, ముఖ్యంగా మొదటి ఏడాదివాళ్లు, మీల్ ప్లాన్, అంటే మన మెస్ ఫీజు లాంటిది, కొనక తప్పదు. ఏడాదికి వేల డాలర్లు ముందే కట్టాలి. చాలా డార్మ్ గదుల్లో పొయ్యి పెట్టుకోనివ్వరు. అంటే డబ్బు తీసుకున్నది కాలేజీ, వండుకునే దారి మూసింది కూడా కాలేజీయే. అలాంటప్పుడు ఆ విద్యార్థి నిశ్చింతగా తినగలిగే భోజనం పెట్టే బాధ్యత పూర్తిగా కాలేజీదే అని మేం అంటున్నాం. పెట్టలేకపోతే ఆ డబ్బు తిరిగి ఇచ్చి, వండుకోవడానికి చోటు చూపించాలి.

ఇది తిండి విషయంలో పేచీ కాదు. సీలియాక్ ఉన్నవాళ్లు గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే, సొంత రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు మీద దాడి చేస్తుంది. ఆంత్ర చూషకాలని బడిలో చదువుకున్నామే, తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకునేవి, అవి అరిగి చదునైపోతాయి. దాంతో రక్తం తగ్గుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఎదిగే పిల్లల్లో ఎదుగుదల ఆగిపోతుంది. కొందరికి కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. కొందరికి పైకి ఏమీ తెలియదు, లోపల మాత్రం పేగు దెబ్బతింటూనే ఉంటుంది. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానేయడమొక్కటే వైద్యం. ఈ సంగతి లోకానికి తెలిసి ఏడు దశాబ్దాలు దాటింది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరక్క జనం అల్లాడిన రోజుల్లో సీలియాక్ ఉన్న పిల్లలు కోలుకోవడాన్ని గమనించిన విలెం డికే అనే పిల్లల డాక్టరు, దానికి కారణం గోధుమేనని 1950లో తన పరిశోధన గ్రంథంలో చూపించారు. ఈమధ్య సన్నబడటానికని గ్లూటెన్ మానేసేవాళ్లు పెరిగారు. అది వాళ్లిష్టం. కానీ వాళ్లను చూసి, వంటగదిలో పనిచేసేవాళ్లు నిజంగా జబ్బున్న పిల్లను కూడా అదే గాటన కట్టేస్తున్నారు.

ఎంత గ్లూటెన్ పడితే హాని అన్నది తెలిస్తే డైనింగ్ హాల్లో కష్టం అర్థమవుతుంది. ఒక బ్రెడ్ ముక్కలో గ్లూటెన్ గ్రాముల్లో ఉంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తింటే చాలు, పేగు దెబ్బతింటుందని 2007లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అంటే బ్రెడ్ ముక్కలోంచి చిటికెడు పొడి. గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలని అమెరికాలోనూ మన దేశంలోనూ నిబంధన ఉన్నది అందుకే.

ఇప్పుడు వడ్డన వరుస దగ్గర నిలబడి చూడండి. అన్నం ఉంది, పక్కన పాస్తా ఉంది. ముందున్న కుర్రాడు పాస్తా వడ్డించుకున్న గరిటెను తొందరలో అన్నం గిన్నెలో పెట్టేశాడు. ఆ క్షణం నుంచి ఆ అన్నం సీలియాక్ ఉన్న పిల్లకు పనికిరాదు. గ్లూటెన్ లేని బ్రెడ్ అని విడిగా పెట్టారు, కాల్చే టోస్టర్ మాత్రం అందరిదీ ఒక్కటే. బంగాళాదుంప వేపుడులో గోధుమ ఉండదు, కానీ పిండి పూసిన చికెన్ ముక్కలు వేగింది కూడా ఆ నూనెలోనే. కూరగాయల మీద చల్లిన సోయాసాస్‌లో గోధుమ ఉంటుంది. సూప్ చిక్కబడటానికి మైదా కలిపారేమోనని అడిగితే వడ్డించే మనిషికి తెలియదు, వండిన మనిషి డ్యూటీ దిగి వెళ్లిపోయాడు. వెనక వరుసలో ఇరవై మంది నిలబడి ఉన్నారు. పద్దెనిమిదేళ్ల పిల్ల ఎన్ని ప్రశ్నలని అడుగుతుంది? ఒక అరటిపండు, ఒక పెరుగు కప్పు తీసుకుని పక్కకు తప్పుకుంటుంది. వేల డాలర్ల ప్లాన్‌లో ఆమెకు దక్కింది అదీ.

అమెరికా చట్టం ఈ విషయంలో పిల్లల పక్షానే ఉంది, ఆ సంగతి మన వాళ్లలో చాలామందికి తెలియదు. మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లోని లెస్లీ యూనివర్సిటీ మీద ఇలాంటి ఫిర్యాదే వస్తే అమెరికా న్యాయశాఖ విచారించింది. 2012 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. సీలియాక్, ఫుడ్ అలర్జీ ఉన్న విద్యార్థులకు వాళ్లు తినగలిగే భోజనం పెట్టాలి, ముందే ఆర్డర్ ఇచ్చుకునే వీలుండాలి, ఆ వంటకు, నిల్వకు ప్రత్యేకంగా చోటు కేటాయించాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి అన్నవి అందులోని షరతులు. నష్టపోయిన విద్యార్థులకు యూనివర్సిటీ 50 వేల డాలర్లు చెల్లించింది. తర్వాత న్యాయశాఖ ఇచ్చిన వివరణే ఈ మొత్తం వ్యవహారానికి గుండెకాయ. వీధిలోని రెస్టారెంటుకూ కాలేజీకీ తేడా ఉంది, కాలేజీ తన మీల్ ప్లాన్‌ను తప్పనిసరి చేసింది కాబట్టే ఈ మార్పులు చేయాల్సి వచ్చిందని ఆ శాఖ చెప్పింది. హోటల్ నచ్చకపోతే లేచి ఇంకో హోటల్‌కి పోవచ్చు. మీల్ ప్లాన్ నుంచి ఎటు పోతారు?

1990 నాటి వికలాంగుల హక్కుల చట్టాన్ని 2008లో సవరించినప్పుడు తినడాన్ని కూడా జీవితంలోని ముఖ్యమైన పనుల జాబితాలో చేర్చారు. అలా సీలియాక్ ఉన్నవాళ్లకూ ఆ చట్టం రక్షణ దొరికే వీలుంది. ఈ ఏర్పాట్ల కోసం విద్యార్థి దగ్గర అదనంగా డబ్బు వసూలు చేయడానికీ వీల్లేదు.

అయితే చట్టం దానంతటదే వచ్చి తలుపు తట్టదు. స్కూల్లో ఉన్నంతకాలం టీచర్లకు, క్యాంటీన్ వాళ్లకు చెప్పుకునేది అమ్మానాన్నలే. కాలేజీకి వెళ్లాక ఆ పాత ఏర్పాటు చెల్లదు. పిల్లలే స్వయంగా వికలాంగుల సేవల కార్యాలయానికి వెళ్లి, డాక్టరు పత్రాలు ఇచ్చి, నాకు ఇది కావాలి అని అడగాలి. మన ఇళ్లలో పిల్లలకు ఆ మాట నోట రాదు. వికలాంగులన్న పేరు మీద దరఖాస్తు పెట్టుకోవడమంటే తల్లిదండ్రులే ఒప్పుకోరు, రేపు సంబంధాలప్పుడు ఇబ్బంది అవుతుందని భయపడతారు. ఆ భయాన్ని మేం తేలిగ్గా తీసేయడం లేదు. కానీ ఆ కాగితం ఎవరూ గోడకు అంటించరు, పెళ్లివారికి పంపరు. అది లేకపోతే మాత్రం పిల్ల రోజూ అరటిపండుతో సరిపెట్టుకోవాలి. సీటు ఖాయం కాగానే, డార్మ్ గది కేటాయించకముందే ఆ దరఖాస్తు పెట్టించండి.

చేయాలనుకుంటే చేయగలమని కొన్ని విద్యాసంస్థలు చూపించాయి. ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ 2016లో ఒక డైనింగ్ హాల్‌ను మొత్తం గ్లూటెన్ లేకుండా మార్చి, ధ్రువీకరణ కూడా తెచ్చుకుంది. మరుసటి ఏడాది కార్నెల్ యూనివర్సిటీ రిజ్లీ హాల్‌లో అదే పని చేసింది. మాకు నచ్చింది ఇంకోటి ఉంది. అవి రోగుల కోసం విడిగా కట్టిన గదులు కావు. అక్కడ ఎవరైనా తినొచ్చు. సీలియాక్ ఉన్న పిల్ల తన స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్లి అదే బల్ల దగ్గర కూర్చుంటుంది. మీల్ ప్లాన్ నుంచి మినహాయింపు ఇచ్చేసి చేతులు దులుపుకునే కాలేజీలు ఈ సంగతి గమనించాలి. కొత్త ఊళ్లో, కొత్త స్నేహాలు కుదిరేది భోజనాల దగ్గరే. గదిలో ఒంటరిగా డబ్బా విప్పుకుని తినే పిల్లకు డబ్బు వెనక్కి వస్తుంది, ఆ సాయంత్రాలు రావు.

ఇక మన ఊళ్ల సంగతి. మనం అన్నం తినేవాళ్లం, మనకిది రాదులే అన్న మాట డాక్టర్ల నోటా వింటుంటాం. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తర భారతంలో నూటికి 1.23 మంది రక్తంలో సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు కనిపించాయి, దక్షిణాన 0.10 మందిలోనే. కానీ ఆ జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు రెండు చోట్లా మూడోవంతుకు పైగా మందిలో ఉన్నాయి. పెద్ద తేడా గోధుమలోనే కనిపించింది. అక్కడ మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, ఇక్కడ 25 గ్రాములు. ఇప్పుడు మన ఇళ్లలో రాత్రిపూట చపాతీ మామూలైపోయింది. పిల్లలకు సాయంత్రం బ్రెడ్డో, నూడుల్సో, పిజ్జానో ఉండాల్సిందే. రక్తహీనత అని ఐరన్ మాత్రలు ఏళ్ల తరబడి మింగుతున్నా తగ్గని ఆడపిల్లలకు ఒక్కసారైనా సీలియాక్ రక్తపరీక్ష చేయించారా అని మేం డాక్టర్లను అడుగుతున్నాం.

మన హాస్టళ్లలోనూ చాలాచోట్ల గదితో పాటే మెస్ బిల్లు కట్టాలి. వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు బయటి రాష్ట్రాలవాళ్లకే, ఇంటికెళ్లి తినే దారి వాళ్లకు లేదు. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో గేటు దాటి బయటికి వెళ్లే వీలే ఉండదు. ఇక్కడ తప్పనిసరి అన్న మాట అమెరికాలో కంటే గట్టిది, చట్టం మాత్రం అక్కడికంటే బలహీనం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ అందులో ఉన్నాయి, సీలియాక్ లేదు. కేంద్రం దాన్ని చేర్చే ఆలోచన చేయాలి. ఈలోగా యూజీసీ, రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు, ఇంటర్ బోర్డులు కనీసం మెస్ నిబంధనల్లోనైనా దీనికి చోటివ్వొచ్చు. అందుకు పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు.

పైగా మన వంటతో ఈ పని అమెరికాలో కంటే తేలిక. అన్నం, పప్పు, ఇడ్లీ, పెసరట్టు, రాగిసంకటి, జొన్నరొట్టె వీటిలో గ్లూటెన్ ఉండదు. ఇబ్బంది వచ్చేది వండే తీరుతో. చపాతీ కాల్చిన పెనం మీదే అట్టు పోస్తారు, పూరీలు వేయించిన మూకుట్లోనే అప్పడాలు వేస్తారు, సేమియా ఉప్మా గరిటెతోనే చట్నీ వడ్డిస్తారు. ఎవరికీ అనుమానం రానిది ఇంగువ. బజార్లో దొరికే పొడి ఇంగువల్లో చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు, డబ్బా మీద రాసే ఉంటుంది, ఎవరూ చదవరు. సాంబారు, పులిహోర, రసం అన్నీ ఆ ఒక్క చిటికెతో పోతాయి. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది. విడిగా ఒక పెనం, ఒక మూకుడు, నాలుగు గరిటెలు, ఆ ఇంగువ డబ్బా, ముందు ఈ పిల్లల వంట చేసి మూత పెట్టి తర్వాతే గోధుమపిండి తీయడం. దీనికయ్యే ఖర్చు గురించి మాట్లాడే మెస్ కాంట్రాక్టరు ఎవరైనా ఉంటే, లెక్క రాసి చూపించమనండి.

హాస్టల్ అడ్మిషన్ ఫారంలో రక్తం గ్రూపు అడుగుతారు, శాకాహారమా మాంసాహారమా అని అడుగుతారు. దాని కిందే, డాక్టరు తినొద్దన్నవి ఏమైనా ఉన్నాయా అని ఒక గడి పెట్టాలి. నింపిన ఆ గడి ఆఫీసు బీరువాలో ఆగిపోకుండా, పిల్ల పెట్టె సర్దుకుని వచ్చే రోజుకల్లా వంటమాస్టరు చేతికి అందాలి. ఈ ఏడాది ఫారాలు అచ్చుకు వెళ్లకముందే ఆ పని జరగాలి.