పేద దేశాలది స్వయంకృతమేనా? హైతీ కట్టిన డబ్బు లెక్క చూడండి

"ప్రజాస్వామ్యం, స్వేచ్ఛ ఉన్న దేశాలు బాగుపడ్డాయి, లేనివి అడుక్కుతింటున్నాయి, తప్పు వాళ్లదే" అనే ఫార్వర్డ్ ప్రతి గ్రూపులోనూ తిరుగుతోంది. ప్రజాస్వామ్యాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతాను కాబట్టే దీన్ని చూసి ఊరుకోలేకపోతున్నాను.

ముందు స్వేచ్ఛ, తర్వాత సంపద అంటున్నారు. బ్రిటన్ ఫ్యాక్టరీలు ప్రపంచాన్ని ఏలిన రోజుల్లో అక్కడ చాలామందికి ఓటే లేదు, ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటు వచ్చింది 1928లో. మనం 1951-52లోనే, నూటికి 18 మందికి మాత్రమే చదవడం రాయడం వచ్చిన రోజుల్లోనే, అందరికీ ఓటిచ్చాం. ఆ లెక్కన మన ఊళ్లలో ఆకలి ఎప్పుడో పోయుండాలి కదా!

ఇక "తప్పు వాళ్లదే" అన్న మాట. 1789లో ఫ్రాన్స్ "మనుషులు పుట్టుకతోనే స్వేచ్ఛాపరులు, హక్కుల్లో సమానులు" అని ప్రకటించింది. అప్పటికి కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ వలసగా ఉన్న హైతీలో, ఫ్రెంచివాళ్ల చెరకు, కాఫీ తోటల్లో లక్షలమంది బానిసలున్నారు. వాళ్లు తిరగబడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని ఓడించి, 1804లో స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు రేవులో దిగాయి. మిమ్మల్ని దేశంగా గుర్తించాలంటే మా తోటల యజమానులకు 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలన్నారు. ఆ నష్టం లెక్కలో బానిసల ఖరీదు కూడా ఉంది, అంటే తమ ఒంటి ధర తామే కట్టాలి. అంత డబ్బెక్కడిది? ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే 3 కోట్ల అప్పు రాశారు. ముందే వడ్డీ కోసుకుని మిగిలింది చేతిలో పెట్టే వడ్డీ వ్యాపారులు మన ఊళ్లలో ఉంటారే, అచ్చం అలాగే, కమీషన్ పోను హైతీకి వచ్చింది 2.4 కోట్లు. తర్వాత, 1838లో, పరిహారాన్ని 9 కోట్లకు తగ్గించినా, రైతు పండించిన కాఫీ మీద పన్ను వేసి మరీ కట్టారు, ఆ అప్పుల తోక 1947 దాకా తెగలేదు. బడులకూ రోడ్లకూ పోవాల్సిన డబ్బు అది.

"అదంతా పాత కథ, ఇప్పుడు రూల్స్ అందరికీ ఒకటే" అంటారా, దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)లో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతం పైన ఉన్నాయి. అది వద్దంటే ఆగినట్టే.

హైతీ జనానికి ప్రజాస్వామ్యం చేతకాదన్న మాట నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. 1990 డిసెంబరులో వాళ్లు భారీ మెజారిటీతో అరిస్టీడ్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. పదవిలోకి వచ్చి ఎనిమిది నెలలు తిరక్కుండానే సైన్యం ఆయన్ను దించేసింది. ఆ సైన్యానికి పునాది వేసింది 1915 నుంచి 1934 దాకా హైతీని ఆక్రమించుకున్న అమెరికా.