సవరణ: కృతజ్ఞతా డైరీ, 21 రోజుల మాట

"రోజూ ఐదు మంచి విషయాలు రాసుకుంటే 21 రోజుల్లో జబ్బు నయమవుతుందని హార్వర్డ్ తేల్చింది" అని మొన్న ఆదివారం పోస్టులో రాశాను. అది తప్పు. వాట్సాప్‌లో వచ్చింది సరిచూసుకోకుండా పెట్టేశాను.

అసలు పరిశోధన 2003లో అచ్చయింది. చేసింది రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు. హార్వర్డ్ వాళ్లు కాదు. ఐదు దాకా విషయాలు రాసింది కాలేజీ విద్యార్థులు, అదీ వారానికి ఒక్కసారే, పది వారాల పాటు. 21 రోజులు రోజూ రాసినవాళ్లు వేరు. వాళ్లు నరాలు, కండరాల జబ్బుతో బతుకుతున్న పెద్దవాళ్లు. వాళ్ల మనసు కాస్త తేలికపడింది, నిద్ర మెరుగైంది. జబ్బు నయమైందని అందులో లేదు.

ఇంకొకటి. ఆ పోస్టు చదివి ఒకావిడ, "మావారికి డయాలసిస్ నడుస్తోంది, ఏడవడం కూడా తప్పేనా అండీ?" అని అడిగారు. కాదండీ, నా ఉద్దేశం అది కాదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పటి నా డైరీలో ఒక పేజీ ఉంది. పైన "నైట్ డ్యూటీ సిస్టర్ అమ్మకి జడ వేసింది" అని ఉంటుంది. కిందనే "చాలా భయంగా ఉంది" అని.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.