టీడీఎస్ మీటరు గారికి శాలువా

నీళ్లలో ప్లాస్టిక్ రసాయనాలున్నాయేమో అన్న అనుమానాన్ని మన కాలనీ సంఘాలు అర నిమిషంలో తీర్చేస్తున్నాయి. ప్లాంటు కుర్రాడు క్యాను మూత తీసి, గ్లాసులోకి వంచి, పెన్నులాంటి మీటరు ముంచుతాడు. 42 అని వెలుగుతుంది. "చూశారా అంకుల్, మినరల్!"

మీటరు తప్పేం లేదు పాపం. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి లవణాలెన్నో అంచనా చెప్పడమే దాని ఉద్యోగం. ఎండలో కాగిన పాలీకార్బొనేట్ క్యాను వదిలే బిస్ఫినాల్-ఏ గానీ, మెత్తటి పీవీసీ గొట్టం వదిలే థాలేట్లు (ప్లాస్టిక్‌ని మెత్తబరిచే మందులు) గానీ ఆ కరెంటుకి అందవు. పైగా డీఈహెచ్‌పీ అనే థాలేటుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత లీటరుకి 8 మైక్రోగ్రాములు. మీటర్లో ఒక్క అంకె కదలాలంటే వెయ్యి కావాలి. ఇసుక లారీల కాటా మీద పుస్తెలు తూచినట్టు.

ఎవరో చాదస్తుడు ల్యాబుకి పంపుదామంటాడు. సంఘం పెద్దమనసుతో ఒప్పుకుంటుంది. తాగి పారేసిన కూల్‌డ్రింక్ సీసా, వినైల్ గ్లౌజులు, స్కూటర్ డిక్కీలో రెండు రోజుల విశ్రాంతి. ఆ గ్లౌజుల్లోనే థాలేట్లు దండిగా ఉంటాయి. దొంగ చేతికి తాళాలిచ్చి దొంగని వెతకమన్నట్టు.

చాదస్తుల తంతు వేరు. థాలేట్లకైతే లీటరు ముదురు రంగు గాజు సీసా, టెఫ్లాన్ పొరున్న మూత, నైట్రైల్ గ్లౌజులు. కుళాయికి తగిలించిన గొట్టం పీకేయాలి. క్లోరిన్ విరుగుడు మందు ల్యాబువాళ్లే సీసాలో వేసిస్తారు, కడిగి పారబోయకూడదు. ఐసుపెట్టెలో పంపాలి. వీటితోపాటు ల్యాబు శుద్ధజలంతో 'ఫీల్డ్ బ్లాంక్' అని ఇంకో సీసా. దాంట్లోనూ థాలేటు తేలితే దోషం నీళ్లది కాదేమో, పట్టినవాళ్లది. "మన నీళ్లు లేని సీసాకి డబ్బులెందుకండీ?" అని కోశాధికారి ప్రశ్న.

పీఫాస్‌కి, అంటే టెఫ్లాన్ బంధువులైన ఫ్లోరిన్ రసాయనాలకి, ఆచారం తిరగబడుతుంది. గాజు పనికిరాదు, 250 మిల్లీలీటర్ల పాలీప్రొపిలీన్ సీసా కావాలి. నిన్న మడి కట్టిన టెఫ్లాన్ నేడు మైల. ఆ జాతిలోని పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్‌లకు అమెరికా 2024లో పెట్టిన హద్దు లీటరుకి 4 నానోగ్రాములు మరి.

ఇక సంఘానికి ప్రాణప్రదమైన మాట, రిపోర్టులో 'దొరకలేదు'. ఎంతకంటే తక్కువైతే దొరకలేదంటారని డబ్బు కట్టకముందే అడగడం అమర్యాద కింద లెక్క. ఆ ల్యాబు కొలవగలిగేది 50 మైక్రోగ్రాముల నుంచే అయితే, 40 ఉన్నా 'దొరకలేదు' అనే రాస్తుంది. దాన్ని లామినేట్ చేయించి ప్లాంటు గోడకి తగిలిస్తారు.

ఈసారి సమావేశంలో ల్యాబు ఖర్చు దండగని తేల్చి, ఆ డబ్బుతో ఇంకో మీటరు కొనాలని తీర్మానం. దీనికి నీలం లైటు కూడా ఉందట.