ప్రొఫైళ్లు దండగ అంటున్న మెసేజ్‌లో అసలు తప్పెక్కడ?

కొత్త ఫ్లాట్లు కొన్నవాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. సారాంశం ఇది: ‘ఉడెన్ ఫ్లోరింగ్‌లో ప్రొఫైళ్ల (పలకల అంచున సందును కప్పే పట్టీల) పేరుతో కాంట్రాక్టర్లు దోచుకుంటున్నారు. పలకల్ని గోడకు, గడపకు బిగుతుగా ఆనించి వేయించండి. సందు మిగిలితే సిలికాన్ పూస్తే సరి. ప్రొఫైల్ తప్పదంటే అన్నిచోట్లా టీ ప్రొఫైలే (ఇంగ్లిష్ T ఆకారంలో ఉండేది) పెట్టించండి. స్కర్టింగ్‌ని (గోడ అడుగున వేసే పట్టీని) ఫ్లోరుకు మేకులు కొట్టి బిగించండి. ఎస్‌పీసీకి (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలకలకు) గ్యాపే అక్కర్లేదు.’ డబ్బు మిగిలే మాట కదా, అందరూ ఫార్వర్డ్ చేస్తున్నారు.

ముందు ఆ ‘బిగుతు’ సంగతి చూద్దాం. మన ఇళ్లలో ఎక్కువగా వేసేది 8 లేదా 12 మి.మీ. లామినేట్. దాని లోపల ఉండేది చెక్క పీచును గట్టిగా నొక్కి చేసిన హెచ్‌డీఎఫ్ బోర్డు. దాన్ని కింద టైల్‌కు అంటించరు. ఫోమ్ షీట్ పరిచి, పలకల్ని ఒకదానికొకటి లాక్ చేసి వదిలేస్తారు. గాలిలో తేమ పెరిగితే అది సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. హైదరాబాద్‌లో మే నెల ఎండల్లో వేసిన ఫ్లోర్‌కి జూలై వానల్లో చోటు కావాలి. పనివాళ్లు పాటించే లెక్క మీటరుకు సుమారు 1.5 మి.మీ. అంటే 4 మీటర్ల గదికి 6 మి.మీ. అందుకే చుట్టూ 8 నుంచి 12 మి.మీ. వదలమంటారు. ఆ చోటు లేకపోతే పలకలు జాయింట్ల దగ్గర పైకి లేస్తాయి, లాకులు విరుగుతాయి. ప్రొఫైల్ ఆ సందుకు వేసే మూత.

మరి సందును సిలికాన్‌తో నింపితే? మామూలుగా వాడే మంచి రకం సీలెంట్ కూడా సాధారణంగా తన వెడల్పులో 25 శాతం వరకే సాగుతుంది, నొక్కుకుంటుంది. 4 మి.మీ. సందులో పూస్తే దక్కేది 1 మి.మీ. కదలిక! బాత్రూమ్ గడప దగ్గర ప్రొఫైల్ అంచున నీళ్లు దిగకుండా సన్నగా గీస్తే తప్పులేదు, సిలికాన్ పని అంతవరకే.

‘అన్నిచోట్లా టీ’ అన్నది నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ సలహా. టీ ప్రొఫైల్‌కు రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఆనాలి. రెండు గదుల్లోనూ అదే లామినేట్ ఉంటే సరిగ్గా సరిపోతుంది. కానీ మన దగ్గర జరిగేది వేరు. బెడ్‌రూమ్‌లో పాత టైల్స్ మీదే 8 మి.మీ. లామినేట్, కింద 2 మి.మీ. ఫోమ్ వేస్తాం. హాల్లో టైల్స్ అలాగే ఉంటాయి. గుమ్మం దగ్గర 10 మి.మీ. ఎత్తు తేడా వచ్చిందన్నమాట. అక్కడ టీ పెడితే హాలు వైపు రెక్క గాల్లో వేలాడుతుంది, కాలు పడీపడీ వంగిపోతుంది. ముసలివాళ్లున్న ఇంట్లో అయితే తట్టుకుని పడతారు. ఆ చోట కావలసింది ఏటవాలుగా దిగే రెడ్యూసర్. బాల్కనీ స్లైడింగ్ ట్రాక్ దగ్గర, ఎత్తుగా ఉన్న గ్రానైట్ గడప దగ్గర ఫ్లోర్ అంచును అక్కడితో ముగించే ఎండ్ ప్రొఫైల్. మెట్ల అంచును కప్పడానికి నోసింగ్. గోడకు పాత టైల్ స్కర్టింగ్ ఉంటే దాన్ని పగలగొట్టక్కర్లేదు, దానికే క్వార్టర్ రౌండ్ (పావు వృత్తం ఆకారపు సన్న పట్టీ) అంటిస్తే సందు కనపడదు. తడి తగిలే చోట హెచ్‌డీఎఫ్ ప్రొఫైల్ ఉబ్బుతుంది కాబట్టి, చూడ్డానికి అంత బాగోకపోయినా అల్యూమినియమే నయం.

బిగించేటప్పుడు ప్రొఫైల్ అడుగు పట్టీని సందు మధ్యలో కింది నేలకే స్క్రూ చేయాలి లేదా అంటించాలి, పలకకు కాదు. బాత్రూమ్ గడప దగ్గర కింద పైపులు ఉండొచ్చు, డ్రిల్ జోలికి వెళ్లకుండా అంటించడమే మేలు. స్కర్టింగ్ కూడా గోడకే. ఫ్లోరుకు మేకు కొట్టారంటే మీరు వదిలిన గ్యాప్ వృథా, ఆ పలక అక్కడే ఇరుక్కుంటుంది. (ఫ్లోర్ మీదే వార్డ్‌రోబ్ కట్టి నేలకు స్క్రూలు దించేవాళ్లూ చేసేది ఇదే.) స్కర్టింగ్ మందం సందు కంటే ఎక్కువ ఉండాలి. 12 మి.మీ. సందుకు 10 మి.మీ. స్కర్టింగ్ తెస్తే మొదటి రోజే గీత కనిపిస్తుంది.

ఎస్‌పీసీ నీళ్లకు ఉబ్బదు, నిజమే. కానీ అందులో ప్లాస్టిక్ ఉంది, వేడికి సాగుతుంది. పడమటి బాల్కనీ అద్దాల్లోంచి మధ్యాహ్నం ఎండ పడే హాలుకు గ్యాప్ తప్పదు. ఎంతన్నది పెట్టెలోని కాగితంలో రాసి ఉంటుంది, ఆ లెక్కే పాటించాలి.

దోపిడీ అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది. ఒకే ఎత్తులో ఉన్న రెండు గదులకు మధ్య ప్రొఫైల్ లేకుండా వేయడానికి కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. దానికి ఆ కాగితంలో ఒక పొడవు పరిమితి ఉంటుంది, లామినేట్‌కు సాధారణంగా 8 నుంచి 10 మీటర్లు. అది చూడకుండా ప్రతి గుమ్మానికీ ప్రొఫైల్ అంటే ఎందుకని అడగండి. ఇంకొకటి, ప్రొఫైళ్లు చాలావరకు 8 అడుగుల పొడవులో వస్తాయి. ఒక్కదాంట్లో 3 అడుగుల గుమ్మాలు రెండు వస్తాయి. రెండు గుమ్మాలకు ఒకే రకం ప్రొఫైల్ వేసి బిల్లులో రెండు పొడవులు రాస్తే, మిగిలిన ముక్కలు చూపించమనండి.